బొమ్మ ఏ దేశానిది?

"సార్, ఈ బొమ్మ చైనాదంటున్నరు. పిల్లగాడు నోట్లో పెట్టుకుంటడు, ఏమన్నా అయితదా?" కొండాపూర్ మండలంలో తల్లిదండ్రులు నన్ను తరచు అడిగే ప్రశ్న ఇది.

భయం ఉత్తదేమీ కాదు. రంగులో సీసం ఎక్కువగా ఉందని 2007లో మాటెల్ కంపెనీ చైనాలో తయారైన లక్షలాది బొమ్మలను వెనక్కి తీసుకుంది. అయితే దేశం పేరొక్కటే చూస్తే చాలదు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు, దిగుమతి వాటికి సైతం, ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. భౌగోళిక గుర్తింపు పొందిన కొండపల్లి, నిర్మల్ బొమ్మల వంటి వాటికి మినహాయింపు ఉంది. వాటికి ఏ రంగు వేశారో అడిగి కొనండి.

ఒక తండ్రిని, "నువ్వేం పని చేస్తావయ్యా?" అని అడిగాను. పటాన్‌చెరు వైపు పాత బ్యాటరీల సీసం కరిగించే పనిలో ఉన్నాడట. ఆ బట్టలతోనే వచ్చి బిడ్డను ఎత్తుకుంటాడు. బొమ్మ కంటే ముందు ఆ చొక్కా సంగతి చూడమన్నాను. అటువంటివారు పనిచోటే స్నానం చేసి, బట్టలు, చెప్పులు మార్చుకుని ఇంటికి రావాలి. పనిబట్టలు విడిగా ఉతకాలి.

సీసం వల్ల పిల్లలకు కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత కలగవచ్చు. ఏ లక్షణమూ లేకుండానే మెదడు దెబ్బతినవచ్చు. కనుక అనుమానముంటే బిడ్డకు సీసం కోసం రక్తపరీక్ష చేయించండి.