పరంగి గింజల పొడి

బళ్ళారిలో మూడు తరాలుగా ఉన్నాం. ఇంట్లో మాట తెలుగు, బడి ఇద్దరిదీ కన్నడం. అందుకే కొన్ని మాటలు మాకు కన్నడంలోనే ముందు తెలిసినాయి. వాటిలో ఒకటి, ఆస్పత్రి గోడ మీద చిన్నప్పుడు చదివిన 'సంతానహరణ శస్త్రచికిత్స'. తెలుగు చెవికి హరణం అంటే సీతాహరణమే కదా! ఎవరో వచ్చి మనదేదో ఎత్తుకుపోతారన్న భయం అప్పుడే పట్టుకుంది.

పోయిన సంవత్సరం రెండో బిడ్డ పుట్టినాక ఆ మాట ఇంట్లోకే వచ్చింది. రెండు కాన్పులూ సిజేరియనే. ఇంక చాలు అనుకున్నాం. ఆ రోజు బీపీ ఎక్కువుందని డాక్టరమ్మ ట్యూబులు కట్టే ఆపరేషన్ తరువాత చూద్దామన్నారు. మా రెండిండ్లలోనూ అమ్మలే ఆ ఆపరేషన్ చేయించుకున్నారు. ఈసారి మొగుడు చేయించుకుంటే ఏమి అని అడిగితే అవ్వ ఒప్పుకోలేదు. "మగోడికి చేయిస్తే బరువులు ఎత్తేకి అయితుందా?" అనింది. మాలో మగవాడు చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎత్తే బరువు లాప్‌టాప్ ఒక్కటే.

అప్పుడు పెదనాయన ఒక దారి చూపించినాడు. పరంగి గింజలు ఎండబెట్టి పొడి చేసి మగవాడు మూడు నెలలు తింటే చాలంట, ఆపేస్తే మళ్ళీ మామూలంట. కోత లేదు, ఖర్చు లేదు. మాకు ప్రాణం లేచొచ్చింది. బొప్పాయి అన్నా పరంగి అన్నా అదే పండు కదా, రోజూ తినేదే. పొడి కొట్టి డబ్బాలో పెట్టినాం. మిరియాల మాదిరి ఘాటు.

నాలుగు రోజులు తిన్నాక టెస్టింగ్ బుద్ధి ఊరుకోలేదు. చదివి చూసినాం. పెదనాయన మాట ఉత్తది కాదు. జైపూర్‌లో రాజస్థాన్ విశ్వవిద్యాలయం వాళ్ళు పరంగి గింజల సారాన్ని కొండముచ్చులకు ఇస్తే వీర్యకణాలు లేకుండా పోయినాయి, ఆపినాక తిరిగొచ్చినాయి. కానీ అది క్లోరోఫాంతో తీసిన సారం, తూకం వేసి ఇచ్చింది. మా మిక్సీ పొడి కాదు. తిన్నవి కొండముచ్చులు, మనుషులు కాదు. ఒక మిషన్లో నడిచింది కదా అని మేము ఏ సాఫ్ట్‌వేరునూ రిలీజ్ చేయనియ్యం.

మనుషుల మీద పెద్దగా చూసింది పత్తి గింజను. మా జిల్లాకు పత్తి కొత్త కాదు గాబట్టి ఆ కథ ఇంకా దగ్గరగా అనిపించింది. పత్తి గింజలో గాసిపాల్ అనే పదార్థం ఉంది. శుద్ధి చేయని పత్తి గింజల నూనె వాడిన పల్లెల్లో పిల్లలు పుట్టడం తగ్గిందని చైనాలో గమనించి, 1970ల నుంచి 8,000 మందికి పైగా మగవాళ్ళకు ఆ మాత్రలిచ్చినారు. వీర్యకణాలు బాగానే తగ్గినాయి. కానీ కొందరికి రక్తంలో పొటాషియం పడిపోయి కండరాలు చచ్చుబడినాయి. కొందరికి మాత్రలు ఆపినా పిల్లలు పుట్టే శక్తి తిరిగి రాలేదు. చివరికి ఆ దారి వదిలేసినారు. చెట్టు మందు కాబట్టి మెత్తనిది అనుకున్న మాకు అక్కడ గుండె ఆగినట్టయింది.

ఆ చైనాలోనే 1974లో లీ షున్‌చియాంగ్ అనే డాక్టరు కత్తి కోత లేని వేసెక్టమీ కనిపెట్టినారు. చిన్న రంధ్రం, ఆ చోటికి మాత్రమే మత్తు, కుట్లు ఉండవు. చేసిన వెంటనే పని అయిపోదు. మూడు నెలలు కండోమ్ వాడి, వీర్యం పరీక్షలో కణాలు లేవని తేలినాకే నమ్మాలి. తిరిగి మార్చుకోవచ్చులే అనుకొని చేయించుకునేది కాదు. మగతనానికి, బలానికి ఏమీ కాదు. ఇంత తెలిసినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆడవాళ్ళ ఆపరేషన్ మీద ఆధారపడిన జంటలు నూటికి 37.9, మగవాళ్ళ ఆపరేషన్ మీద 0.3.

ఆ అంకెలు చూసినాక ఒక రాత్రి ఇద్దరం కూర్చొని నిజం ఒప్పుకున్నాం. మేము వెతికింది మందు కాదు, తప్పించుకునే సందు. రెండు సార్లు పొట్ట కోయించుకున్న మనిషి పక్కనే ఉండగా, ఒక సూది పోటుకు జడిసి గింజలు ఎండబెట్టినాం.

పొడి చెట్ల మొదట్లో పోసినాం. ఆపరేషన్ అయింది, మధ్యాహ్నానికి ఇంటికొచ్చినాం. మూడు నెలల పరీక్ష రిపోర్టు పోయిన వారమే వచ్చింది, సున్నా.

ఆపరేషన్ తరువాత అవ్వ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు కొళాయి దగ్గర బిందె పట్టబోతే, "బరువు ఎత్తొద్దు, పక్కకు జరుగు" అని తానే నడుముకు ఎత్తుకొని పోయింది. అవ్వకు డెబ్భై ఆరు. ఆమె ఆపరేషన్ అయిన మూడో రోజు బిందె ఎవరు మోసినారో మేము ఎప్పుడూ అడగలేదు.