ముందు మాలిమి... ఆ తర్వాతే మూట!

గుర్రం అనగానే మనకు గుర్తొచ్చేవి మూడే. పెళ్ళికొడుకు ఎక్కే తెల్ల గుర్రం, బీచ్‌లో ఫొటోలకు నిలబడే గుర్రం, సినిమాలో హీరోగారి గుర్రం. నాలుగోది ఒకటుంది. దాని మీద ఎవరూ ఊరేగరు. బియ్యం, ఉప్పు, నూనె మోసుకుంటూ మనిషి వెనకాలే కొండ ఎక్కుతుందది. దాన్ని చూడాలంటే ఎస్.కోట మీదుగా తూర్పు కనుమలు ఎక్కాలి.

విజయనగరం నుంచి సుమారు 40 కిలోమీటర్లు వెళితే శృంగవరపుకోట. అందరికీ అది ఎస్.కోటే. మైదానం అక్కడితో సరి. ఆపైన ఘాట్ రోడ్డు... అనంతగిరి, అరకు, ఇంకా ముందుకెళితే పాడేరు. తారు రోడ్డు నిండా టూరిస్టుల కార్లు. రోడ్డు దిగి కాలిబాట పట్టారా, లోకమే మారిపోతుంది. జబ్బు చేసిన మనిషిని డోలీ కట్టి మోసుకు దిగే పల్లెలు ఈ కొండల్లో ఇప్పటికీ ఉన్నాయి. వారపు సంతలో కొన్న సరుకు ఇంటికి చేరాలన్నా, పండించిన పసుపు, మిరియాలు సంతకు చేరాలన్నా భుజాలే దిక్కు. పాడేరు వైపు మన్యంలో కొన్ని పల్లెలవాళ్ళు ఆ బరువును గుర్రానికి అప్పగించారు.

ఉత్తరాంధ్రకు గుర్రం కొత్తేం కాదు. 1757లో బొబ్బిలి యుద్ధం, 1794లో పద్మనాభ యుద్ధం జరిగిన నేల ఇది. రాజుల కాలంలో గుర్రమంటే హోదా. తర్వాత జట్కాకు కట్టారు. ఆటోలొచ్చాక ఆ పనీ పోయింది. కొండమీద మాత్రం గుర్రం ఉద్యోగం ఊడలేదు!

రౌతు లేని గుర్రం

మూటలు మోసే గుర్రానికి రౌతు ఉండడు. మనిషి తాడు పట్టుకుని ముందు నడుస్తాడు, గుర్రం వెనక నడుస్తుంది. బాట చూస్తే సన్నం. ఒక పక్క బండ, మరో పక్క లోయ. అక్కడ అది బెదిరి గెంతితే? పోయేది నెల సరుకే కాదు, తాడు పట్టుకున్న మనిషికీ గండమే. అందుకే స్వారీ నేర్పడం కన్నా నేలమీద నిలబడి నేర్పే పాఠాలే దీనికి ముఖ్యం.

‘ఏటి, గుర్రాన్ని కొన్నావా?’ అంటూ ఊరంతా చూడ్డానికొస్తుంది. కానీ మొదటి రోజుల్లో దానికి కావలసింది జనం కాదు, నెమ్మది. గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. చుట్టూ చాలామేరకు చూడగలదు కానీ సరిగ్గా ముక్కు ముందు, తోక వెనక ఉన్నది దానికి కనిపించదు. కనిపించని చోటి నుంచి చెయ్యి పడితే తన్నుతుంది. కాబట్టి పిలుస్తూ, భుజం వైపు నుంచి దగ్గరికెళ్ళాలి. ముఖం జోలికి పోకుండా ముందు మెడ, ఆ తర్వాత మూపు నిమరాలి. గుర్రాలు ఒకదాన్నొకటి గోక్కునేది అక్కడే. ఆ చోట గోకితే గుండె వేగం తగ్గుతుందని ఫ్రాన్స్ పరిశోధకులు 1993లో కొలిచి మరీ చెప్పారు.

మేత సంగతీ అంతే. కొత్త మేత ఒక్కసారిగా పెట్టకూడదు. గుర్రం వాంతి చేసుకోలేదు. తిన్నది పడకపోతే కడుపు శూల పట్టుకుంటుంది, ప్రాణాలకే వస్తుంది. పాత మేతలోనే కొత్తది కొంచెం కొంచెం కలుపుతూ వారం పది రోజుల్లో మార్చాలి. ఉలవలైనా అంతే. ఉడకబెట్టి, కొద్దికొద్దిగా అలవాటు చెయ్యాలి.

లాగితే రాదు... వదిలితే వస్తుంది

కొత్త గుర్రాన్ని తాడుతో లాగండి. అది వెనక్కి లాగుతుంది. దాని బలం ముందు మనమెంత? కిటుకు వేరే ఉంది. తాడు కాస్త బిగించి ఆగాలి. అది ఒక్క అడుగు వేయగానే ఆ క్షణంలోనే వదులు చెయ్యాలి. అడుగేస్తే సుఖం అని దానికి అర్థమవుతుంది. నడవడం, ఆగడం, వెనక్కి జరగడం, తాడు వదులుగా ఉన్నా కదలకుండా నిలబడడం... ఈ నాలుగూ వస్తే సగం చదువు అయినట్టే. రోజుకు పావుగంట చాలు. కొడితే మాత్రం అది భయాన్నే నేర్చుకుంటుంది.

ఈ విద్య నిన్నా మొన్నటిది కాదు. సుమారు 3,400 ఏళ్ళ కిందట కిక్కులి అనే మితన్ని శిక్షకుడు గుర్రాల తర్ఫీదు గురించి చెప్పినదంతా మట్టి పలకల మీద రాసి పెట్టారు. అవి టర్కీలో దొరికాయి. వాటిలో ఒకటి, మూడు, అయిదు, ఏడు, తొమ్మిది అనడానికి వాడిన మాటలు మన సంస్కృతానికి దగ్గరి చుట్టాలు! మన తెలుగులోనూ మనుమంచి భట్టు గుర్రాల లక్షణాలపై పద్యకావ్యమే రాశాడు.

మాలీసు ముస్తాబు కాదు

పళ్ళున్న రబ్బరు బ్రష్షుతో మెడ నుంచి తుంటి దాకా గుండ్రంగా రుద్దితే మట్టి, రాలిన వెంట్రుకలు లేస్తాయి. ఆపైన మెత్తటి బ్రష్షుతో వెంట్రుకలు వాలిన వైపే దువ్వాలి. ఎముక తేలిన కాళ్ళ మీద గట్టి బ్రష్షు పనికిరాదు. ముఖానికి తడిగుడ్డ చాలు. చూడ్డానికి ఇది సోకులా ఉంటుంది. నిజానికి రోజూ చేసే ఆరోగ్య పరీక్ష ఇదే. వీపు మీద మట్టి మిగిలిపోయి, దానిపై మూట పడిందంటే ఒరిసి పుండవుతుంది. వాపు, గాయం, జోరీగలు కుట్టిన చోటు అన్నీ చేతికే ముందు తెలుస్తాయి. ఆ జోరీగల వల్లే సర్రా జ్వరం వస్తుంది.

ఆ తర్వాత డెక్క. కాలి వెంట చెయ్యి జార్చి, అడిగి, కాలెత్తించాలి. ఇరుక్కున్న రాళ్ళను మడమ నుంచి ముందుకు గీకి తీయాలి. మధ్యలో ఉండే మెత్తటి భాగానికి మొన తగలకూడదు. గుర్రాలకు ధనుర్వాతం ముప్పు చాలా ఎక్కువ. చిన్న మేకు గుచ్చుకున్నా చాలు. అందుకే టీకా తప్పనిసరి. మనుషులకూ సోకే గ్లాండర్స్ ఉందేమో కొనేముందే రక్తపరీక్షతో తేల్చుకోవాలి.

బరువుకీ లెక్కుంది

ముందు ఖాళీ గోనెపట్టా చూపించి, వాసన చూడనిచ్చి, ఆ తర్వాతే వీపున పరచాలి. బెదరడం మానాక తేలికపాటి మూటలు, రెండు పక్కలా సమానంగా. మొదట ఇంటి చుట్టూ, తర్వాత వాగు దాకా, చివరికి సంతకు. మూటలు మోసే పోనీపై 70 కిలోలు మించకూడదని 1965 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. అంటే ఓ యాభై కిలోల బియ్యం బస్తా, పైన ఇరవై కిలోల సరుకు. అంతే!

రోడ్డు పడితే ఈ బాధంతా ఉండదు. పడాలి కూడా. రోగి డోలీలో కాదు, అంబులెన్సులోనే దిగాలి. అప్పటిదాకా ఆ ఇంటి బియ్యం, ఉప్పు ఆ గుర్రం నడక మీదే ఆధారపడి ఉంటాయి. కొన్నరోజే బరువెత్తితే గట్టెక్కుతుందన్న నమ్మకం లేదు. ఓ నెల ఓపిక పడితే ఏళ్ళ తరబడి సంతకు తోడొస్తుంది.