ఐదు నిమిషాల దూరం

మాది కోదాడ పక్కన అనంతగిరి మండలం. అక్కడి సర్కారు బడిలో ఏడో తరగతికి కాలం, దూరం లెక్కలు చెప్తున్న. మీది నుంచి విమానం పోయిన చప్పుడయింది. వెనక బెంచీ పిల్ల లేచి, “సారూ, కోదాడ నుంచి సూర్యాపేటకు గాలిమోటర్ల పోతే ఎంతసేపు పడ్తది?” అన్నది. అందరూ నవ్విన్రు. నేను నవ్వలేదు. గాలిమోటరు మా అమ్మ మాట.

రెండూళ్లలో విమానం దిగే జాగ లేదు. అయినా లెక్కకేం అడ్డం? రోడ్డు మీద సుమారు 45 కిలోమీటర్లు. గంటకు 540 పోతదనుకుంటే నిమిషానికి 9. ఐదు నిమిషాలు. బస్సుకైతే గంట.

ఇంకో లెక్క కూడా వేసిన. హైదరాబాదు నుంచి విజయవాడకు సుమారు 270 కిలోమీటర్లు. ఈ లెక్కన అరగంటే కావాలె. కానీ విమానానికి దాదాపు గంట పడ్తది. ఎందుకంటే లేచేటప్పుడూ దిగేటప్పుడూ ఆ వేగం ఉండదని చెప్పిన.

దిగినాక పట్టే కాలం మాత్రం ఏ లెక్కలోనూ లేదు. అది నాకు సూర్యాపేటల తెలిసింది.

మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటోన్ని నేనే. నాయన పెద్దోళ్లింట జీతమున్నడు. అమ్మ నాట్లకు పోయేది. బీఈడీ సీటొస్తే నాయన బియ్యం మూట ఎత్తుకొని నా వెంట వచ్చిండు. గంటలో బస్సు దిగినం. రూము కోసం పొద్దంతా తిరిగినం. ఒకామె కిరాయి మాట్లాడి, తాళంచెవి ఇయ్యబోతూ, “ఇంతకూ మీరేమోళ్లు బాబూ?” అన్నది. నేను నోరు తెరిచేలోపే నాయన, “మాదిగోళ్లం తల్లీ” అన్నడు. చెయ్యి వెనక్కి పోయింది. చుట్టాలొస్తున్నరని మరిచిపోయిందట. గేటుకూ ఆ తలుపుకూ నడుమ పదడుగులుంటయేమో.

బయటికొచ్చి నాయన మీద ఎగిరిన. “ఇంకేదన్న చెప్పరాదా?”

“ఇయ్యాల చెప్తే రోజూ చెప్పాలె కొడుకా” అని మూట నెత్తికెత్తుకున్నడు. ఆ రాత్రి బస్టాండుల పండుకున్నం.

1901లో చిన్న అంబేద్కర్ అన్నతో కలిసి రైల్ల పోయి మసూర్ స్టేషన్ల దిగిండు. రైలు దించింది గానీ బండ్లోళ్లు మహర్ పిల్లలని ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకుపోవాల్సి వచ్చింది. ఆయన రాసుకున్న ఈ సంగతి చదివినప్పుడు నాయన నెత్తి మీది మూటే యాదికొచ్చింది.

నౌకరొచ్చినాక కోదాడల ఇల్లు అడిగితే మళ్ల అదే ప్రశ్న. నాయన చెప్పిన జవాబే చెప్పిన. మూడిండ్లు పోయినయి. నాలుగో ఇంట్ల ఉంటున్న.

ఆ పిల్ల ‘ఐదు నిమిషాలు’ అని నోటుబుక్కుల రాసుకున్నది. మాదిగవాడ పిల్లే. రేపు ఏదో పట్నంల దిగి, ఏదో గేటు కాడ నిలబడ్తది. ఆ జవాబు గొంతు తగ్గించకుండ చెప్పుడు ఆమెకు నేర్పాలె. అడగకుండ ఉండుడు మిగతా పిల్లలకు నేర్పాలె. నాకు రెండో పాఠమే కష్టమనిపిస్తున్నది.