చెప్పులు విడిచాక పాదానికి దిక్కెవరు?

డాలస్‌లో నా పాదాల అచ్చు తీసి చేసిచ్చిన ఇన్‌సోల్స్ అక్కడ బాగానే పనిచేశాయి. పొద్దున బూట్లు తొడిగితే రాత్రికే విప్పడం. కొన్నేళ్ళుగా వేళ్ళ మొదట్లో అరికాలిని పీడిస్తున్న మంట చాలా తగ్గింది. ఈ సెలవుల్లో వాటితోనే హైదరాబాద్ పాతబస్తీలో తిరిగాను. అసలు పరీక్ష ఇక్కడే జరిగింది.

అరికాలిలో అయిదు పొడవాటి ఎముకలుంటాయి. అడుగు తీసేటప్పుడు మడమ లేచి, ఒంటి బరువు వాటి కొసల మీద పడుతుంది. అక్కడి కొవ్వు పొర పలచబడినా, వేళ్ళు వంకరపోయినా, బూటు ముందు భాగం ఇరుకైనా ఒకటి రెండు ఎముకలే భారమంతా మోస్తాయి. కొందరికి మూడో, నాలుగో వేళ్ళ మధ్య నరం మందమై కరెంటు కొట్టినట్టుంటుంది. ఫిలడెల్ఫియా వైద్యుడు థామస్ మోర్టన్ 1876లో వర్ణించిన బాధ అదే. ఇన్‌సోల్‌లోని చిన్న మెత్తను నొప్పి ఉన్నచోట పెట్టరు, దానికి కాస్త వెనక, మడమ వైపు పెడతారు. అది ఎముకల కొసల మీది బరువును వెనక్కి లాగి పాదమంతా పంచుతుంది. కొంచెం ముందుకు జరిగినా నొప్పి పెరుగుతుంది.

గౌలిపురాలోని పెద్దమ్మ ఇంటి నుంచి శాలిబండ మీదుగా చార్మినార్‌కు నడిచాను. ఎగుడుదిగుడు దారుల్లోనూ, గ్రానైటు పరిచిన చోటా ఇన్‌సోల్ ఆదుకుంది. మడమ సరిగా ఆనని చార్మినార్ ఇరుకు మెట్ల మీదా ఓర్చుకోగలిగాను. తర్వాత మక్కా మసీదు ముందు బూట్లు విప్పాను. పత్తర్‌గట్టీ బట్టల దుకాణంలో గద్దె ఎక్కడానికీ విప్పాను. ఇల్లు చేరాక మిగిలిన సాయంత్రమంతా షాబాద్ బండల మీద ఉత్తికాళ్ళే. రాత్రికి మంట మళ్ళీ మొదలైంది.

“ఏంది బిడ్డా, గట్ల మడమల మీద నడుస్తున్నవ్?” అంది పెద్దమ్మ. చెప్పాను. “నాకైతే గా నొప్పి గూడ తెలుస్తలేదు” అంది.

ఆ మాటకు భయమేసింది. పెద్దమ్మకు ఎన్నో ఏళ్ళుగా షుగర్. స్పర్శ పోయిన పాదంలో ఆనె కట్టినా, దాని కింద పుండు పడినా తెలియదు. నా పాదం నొప్పితో నన్ను హెచ్చరిస్తోంది, ఆమె పాదానికి ఆ కాపలా లేదు.

మన పాదాల గురించి ఆలోచించినవాళ్ళు మన దగ్గరే ఉన్నారు. వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్, ఆయన సహచరులు కుష్ఠు వల్ల స్పర్శ పోయిన పాదాల కోసం మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులు చేయించారు. నేడు మధుమేహ రోగులు కొనే ఎంసీఆర్ చెప్పుల్లోనూ ఆ రబ్బరే. పాతబస్తీ అంచునున్న కంచన్‌బాగ్ క్షిపణి ప్రయోగశాలలో వాడిన తేలికైన పదార్థాన్ని నిమ్స్ ఎముకల వైద్యుడొకరు చూసి, అక్కడి శాస్త్రవేత్త అబ్దుల్ కలాంను తన ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడిచే పిల్లల్ని అక్కడ చూసి, వాళ్ళ కోసం దాదాపు 300 గ్రాముల కాలిపర్లు చేయించారు కలాం. ఆ పిల్లలు ఎలా నడుస్తున్నారో కళ్ళారా చూశాకే అది సాధ్యమైంది.

నేనూ ఇక్కడి నడకకు తగ్గట్టు ఏర్పాటు చేసుకున్నాను. నొప్పి ఉన్నచోట తడి కుంకుమ అద్దుకుని ఎంసీఆర్ చెప్పులో అడుగేస్తే గుర్తు పడింది. దానికి వెనకగా చెప్పులు కుట్టే ఆయన మెత్త అతికించాడు. ఇంట్లో తిరగడానికే ఆ జత. పెద్దమ్మ పాదాల మీద మాత్రం ఇలాంటి ప్రయోగాలు చేయకూడదు. స్పర్శ లేని కాలికి ఏ మెత్త ఎక్కడ పెట్టాలో వైద్యుడే చూసి చెప్పాలి. ఆమెను డాక్టరుకు చూపించి, ఆయన చెప్పిన చెప్పులే కొన్నాం.

“దేవుడున్న ఇంట్ల చెప్పులేసుకుంటరా?” అని మొదట ఒప్పుకోలేదు. చివరికి దేవుని అర్ర గడప దాకా వేసుకుంటానంది. ఆ పక్కనే కుర్చీ వేశాం, కూర్చునే పూజ చేసుకుంటోంది.

అమ్మానాన్నలకు విదేశాల నుంచి ఖరీదైన ఇన్‌సోల్స్ తెచ్చే మనం ముందు అడగాల్సింది ఒకటుంది: రోజులో ఎంతసేపు ఉత్తికాళ్ళతో ఉంటారు? షుగర్ ఉంటే ఏడాదికోసారైనా పాదాల స్పర్శ పరీక్ష చేయించాలి. రోజూ అరికాళ్ళు చూసుకోవాలి, వంగలేని వాళ్ళకు మనింట్లో వాళ్ళే చూసిపెట్టాలి.