వెయ్యి రూపాయల కొలువు

నల్లగొండ జిల్లాలో ఒక ఊరి సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండుతాను. కాగితాల మీద ఇది పార్ట్‌టైమ్ పని. జీతం ఉండదు, గౌరవ వేతనం ఇస్తారు. 2009లో నెలకు 1,000 రూపాయలు అన్నారు. అదీ ఏడాదికి పది నెలలకే. నేను చెప్పే ఏడాది కూడా అంతే వచ్చేది. పొద్దున పోతే గిన్నెలు తోమి ఇల్లు చేరేసరికి మూడు దాటుతుంది. ఆ వేళకు కూలికి ఎవరు పిలుస్తారు?

బియ్యం సర్కారు ఇస్తుంది. పప్పు, నూనె, కూరగాయలు, గుడ్లు మేమే తేవాలి. పిల్లకు ఇంతని లెక్కగట్టి తర్వాత బిల్లు వేస్తారు. వాళ్లు గుడ్డుకు కట్టే రేటుకు అంగట్లో గుడ్డు రాదు.

ఆ ఏడాది జూన్‌లో బడి తెరిచారు. ఆ నెల చేతిలో ఉన్న డబ్బుతో నడిపాను. జులైలో కిరాణా కొట్టులో ఖాతా పెట్టాను. ఆగస్టులోనూ బిల్లు పడలేదు. పొదుపు సంఘంలో అప్పు తీసుకున్నాను. సెప్టెంబర్‌లో కొట్టాయన, "అక్కా, పాత బాకీ కట్టు. ఇంక నా వల్ల కాదు" అన్నాడు. అప్పటి నుంచి ఆ బజారున పోలేదు. చెరువుకట్ట మీదుగా చుట్టూ తిరిగి బడికి పోయేదాన్ని.

ఆ వారం గుడ్లు పెట్టలేదు. రెండో తరగతి పిల్ల పళ్లెం చాపి, "గుడ్డేది పెద్దమ్మా?" అంది. తల ఎత్తకుండా పప్పు పోశాను.

బతుకమ్మ పండుగకు ముందు కమ్మలు కుదువ పెట్టాను. బోసి చెవులతో అమ్మగారింటికి పోబుద్ధి కాలేదు.

డిసెంబర్‌లో గంజి వంచుతుంటే కాలి మీద పడింది. తోలు ఊడింది. మంటకంటే ముందు భయం పట్టుకుంది. రేపు వండేదెవరు? పని ఇంకొకరికి ఇచ్చేస్తే ఈ బాకీ ఎవరు తీరుస్తారు? మాకు ఈఎస్ఐ లేదు, పీఎఫ్ లేదు. ఒక రాత్రి ఊపిరాడక లేచి, మా ఆయన్ను తట్టి లేపి చిన్నపిల్లలా ఏడ్చాను.

నా వంతు వంట కూడా తోటి వంటామె చేసింది. పైసా అడగలేదు. లెక్కల టీచరమ్మ గ్యాస్ బండకు డబ్బిచ్చింది. ఏఎన్ఎమ్ ఇంటికొచ్చి కట్టు మార్చింది. ఈ ముగ్గురు లేకపోతే నా పని పోయేది.

సంక్రాంతి తర్వాత కొంత బిల్లు పడింది. కొట్టు బాకీకే సరిపోయింది. కమ్మలు వడ్డీ కింద పోయాయి. గౌరవ వేతనం ఆ తర్వాత 3,000 అయింది. కాలి మీద మచ్చ ఉంది. ఇప్పటికీ నెలాఖరు వస్తే గుండె దడ మొదలవుతుంది.

ఈ పనికి కొత్తగా వచ్చే చెల్లెళ్లారా, తెచ్చిన సరుకు ఏ రోజుకారోజు రాసి హెడ్మాస్టర్ సంతకం తీసుకోండి. అప్పు ఒక్కరి పేరు మీద చేయకండి. బిల్లు రెండు నెలలు ఆగిందంటే ఇంట్లో కుమిలిపోకండి. మండలంలోని వంటవాళ్లందరూ కలిసి ఎంఈఓ ఆఫీసుకు పోండి.