తూలే నడక

నాకు చెవి నుంచి మెదడుకు వెళ్లే ఎనిమిదో నరం మీద గడ్డ వచ్చింది. క్యాన్సర్ కాదు, మెల్లగా పెరిగే రకం. తీసేశాక ప్రాణానికి ఢోకా లేదన్నారు గానీ, నడక మాత్రం తూలుతోంది. 1917లో మెదడు సర్జన్ హార్వీ కుషింగ్ ఈ గడ్డల మీద పుస్తకమే రాశాడు. అప్పట్లో రోగి బతికి బయటపడటమే గొప్ప, ఇక నడక సంగతి ఎవరడుగుతారు!

ఒక చెవి తూకం తప్పితే మెదడు రెండో చెవినీ, కళ్లనీ, అరికాళ్లనీ సాక్ష్యం అడుగుతుంది. అందుకే మా ఖానాపురం హవేలి వీధుల్లో పగలు బాగానే తిరుగుతాను. రాత్రి కరెంటు పోయిందా, గోడ తడుముకోవాల్సిందే. మొహానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకున్నా అంతే, ఓ చెయ్యి కుళాయి మీద ఉండాలి. నున్నటి గ్రానైట్ బండలు మా ఖమ్మానికి పేరే తెచ్చాయి గానీ, తడిస్తే నా పాలిట యముళ్లు.

వెనక నుంచి ఎవరైనా "అన్నా" అంటే తల తిప్పను. ఆగి, ఒళ్లంతా తిప్పుతాను. పొగరనుకుంటారు. పొద్దున్నే తూలుతుంటే ఏమనుకుంటారో చెప్పక్కర్లేదు. చేతికర్ర పట్టాక ఆ అనుమానం పోయింది. కర్ర చేసిన మొదటి మేలు అదే.

గోడ మీద చుక్క చూస్తూ తల అటూ ఇటూ తిప్పడం ఇప్పటి నా వ్యాయామం. కళ్లు తిరుగుతాయి. కాస్త తిరిగితేనే మెదడు కొత్త లెక్క నేర్చుకుంటుందట. పొద్దున్నే ఎవరికి కాదంటున్నారని మా ఆవిడ వెటకారం.