కళ్లు లేని సిపాయిలు

మా మామూ ఓడల్లో ఖలాసీ. నేను ఆరో జమాత్‌లో ఉండగా ఒకసారి వైజాగ్ పోర్టులో దిగి నేరుగా మా ఇంటికొచ్చి, సంచిలోంచి ఒక అట్టపెట్టె తీసి నా చేతిలో పెట్టాడు. ఎయిర్‌ఫిక్స్ కంపెనీ ప్లాస్టిక్ ఫౌజ్. ఒక్కో సిపాయి అంగుళం కూడా లేడు. అమ్మీ తిప్పి తిప్పి చూసి ఒకటే మాట అంది: "ఆడుకో బేటా. రంగేస్తే వేసుకో. కళ్లు మాత్రం పెట్టకు. జాన్ పోయడం అల్లా పని."

ఆ షౌఖ్ నలభై దాటాక మళ్లీ పట్టుకుంది. డెస్క్ డ్యూటీ లేని రాత్రుల్లో కిటికీ పక్కన మేజ్ మీద బ్రష్‌లు, రంగులు, భూతద్దం. వేర్వేరు కంపెనీల సిపాయిలను పక్కపక్కన నిలబెడితేగానీ వాళ్ల ఫర్ఖ్ తెలియదు. ఎయిర్‌ఫిక్స్ పాత పెట్టెల్లోని వాళ్లు ఇటలేరి వాళ్ల పక్కన పొట్టిగా కనిపిస్తారు. ఇటలేరి వాళ్ల కోటు మడతలు చక్కగా తేలి ఉంటాయి, పల్చటి రంగు పోస్తే దానంతటదే మడతల్లోకి దిగుతుంది. హాట్ కంపెనీ వాళ్లు నాకు కాస్త బక్కగా అనిపిస్తారు, కానీ మిగతావాళ్లు పట్టించుకోని ఫౌజులు వాళ్ల దగ్గరే దొరుకుతాయి. ఇక 28 మిల్లీమీటర్ల లోహపు బొమ్మలది వేరే లోకం. తలలు, చేతులు కావాలనే పెద్దవి చేస్తారు, దూరం నుంచి రంగు కనబడాలని.

మెత్తటి ప్లాస్టిక్ నఖరాలు చాలా. ముందు గిన్నెలు తోమే సబ్బుతో కడగాలి, లేకపోతే అచ్చులో అంటిన జిడ్డు మీద రంగు నిలవదు. తుపాకీ కొంచెం వంగిందా, రంగు పెచ్చులూడుతుంది. ముందే ఫెవికాల్ పల్చగా పూస్తే కొంత నయం. మన సముద్రపు గాలి సంగతి చెప్పక్కర్లేదు. తేమ రోజున వార్నిష్ స్ప్రే కొట్టానా, ఫౌజంతా పొగమంచులో నిలబడ్డట్టు తెల్లబడింది.

ఇటలేరి పెట్టెల్లో సారాసిన్ యోధులున్నారు. మనోళ్లు డబ్బా మీదకు ఎక్కేది ఎక్కువగా ఇలాగే, ఎవరికో దుష్మన్‌గా. నాకు కావలసింది వేరే. 1780 అక్టోబర్ 3న ఇదే విశాఖపట్నంలో కంపెనీ సిపాయిలు బగావత్ చేశారు. హైదర్ అలీ మీద జంగ్‌కు ఓడెక్కి మద్రాసు పొమ్మంటే పోమన్నారు. కొందరు తెల్ల అధికార్లు చచ్చారు. 1857కు 77 ఏళ్ల ముందు సంగతి. మేం ఉర్దూ మీడియంలో చదివిన తారీఖ్‌లో మీరట్ ఉంది, ఢిల్లీ ఉంది. మా గలీకి నడిచేంత దూరంలోని కోటవీధి లేదు.

నా దగ్గరున్న ఏ పెట్టెలోనూ ఆ సిపాయి లేడు. అందుకని నెపోలియన్ కాలపు ఇంగ్లీషు సిపాయిల టోపీలు బ్లేడుతో కోసేశాను. పాంట్లను మోకాళ్ల పైకి చెక్కి జాంగియా చేశాను. కింద ఉత్త కాళ్లు, గోధుమ రంగు. కోటు ఎర్రదే ఉంచాను. కొండపల్లి వాళ్లు రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపి మక్కు చేసి బొమ్మల అవయవాలు అతుకుతారు కదా, నేను ఎపాక్సీ ముద్దతో పగిడీలు చుట్టాను.

ఇంత చిన్న సైజులో కళ్ల మస్‌లా రాదు. చుక్క పెడితే దెయ్యాన్ని చూసినట్టు గుడ్లు మిటకరిస్తారు. చేయి తిరిగినవాళ్లు కూడా చాలామంది కనుబొమ్మల కింద గోధుమ నీడ వేసి వదిలేస్తారు. అమ్మీ మాటా, హునర్ మాటా ఒకటే అయ్యాయని ఇన్నేళ్లూ ఖుష్‌గా ఉన్నాను.

చిక్కు లోహపు సుబేదార్‌తో వచ్చింది. తల పెద్దది. కళ్లు లేకపోతే గుడ్డివాడిలా ఉన్నాడు. ఒక రాత్రి ఒకే ఒక్క వెంట్రుకంత బ్రష్‌తో రెండు నల్ల చుక్కలు పెట్టేశాను. తిరిగి నన్నే చూశాడు. గుండె ఝల్లుమంది. తీసుకెళ్లి పుస్తకాల వెనక దాచాను, నలభై ఆరేళ్ల మనిషిని.

దుమ్ము దులుపుతూ అమ్మీయే బయటకు తీసింది. నేను వెంటనే హదీస్ అందుకున్నాను. హజ్రత్ ఆయిషా బొమ్మల్లో గుడ్డ రెక్కల గుర్రం ఉండటం, సులేమాన్ అలైహిస్సలాం గుర్రాలకు రెక్కలుండేవి కదా అని ఆమె అంటే హుజూర్ నవ్వడం, అంతా చెప్పాను.

"ఆమె బచ్చీ. నీకెన్నేళ్లు?" అంది.

నేను ఖామోష్. అమ్మీ కళ్లద్దాలు సర్దుకుని సుబేదార్‌ను వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. కిందపెట్టేస్తుందనుకున్నాను.

"మీ నానా పగిడీ ఇలా కట్టేవారు కాదు. ఇదేంటి, పకోడీలా? కొస వెనక్కి దోపాలి, ఎడమ చెవి మీదుగా."

దుపట్టా కొస తీసి నా పిడికిలి చుట్టూ రెండుసార్లు చుట్టి చూపించింది. మూడో చుట్టు గట్టిగా లాగింది.

ఆ రాత్రి ఎపాక్సీ గీకేసి మళ్లీ మొదటినుంచి చుట్టాను. కళ్ల సంగతి తనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.